పిడుదు కడుపులో జరిగే పోరు: లైమ్ టీకా రక్షణను యాంటీబాడీ అంకెతో కొలవవచ్చా?

సిరొంచలో మా వీధి చివర ఉండే మామ మొన్న తన ఫోన్లో ఒక రిపోర్టు చూపించాడు. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో ఉద్యోగం చేసే ఆయన కొడుకు అక్కడ లైమ్ జబ్బు (పిడుదు కాటుతో అంటే బాక్టీరియా జబ్బు) టీకా ట్రయల్‌లో చేరి సూదులన్నీ వేయించుకున్నాడు. అసలు టీకా ఎవరికి పడిందో, ఉత్త సెలైన్ ఎవరికి పడిందో అలాంటి ట్రయల్‌లో పాల్గొన్నవారికి చెప్పరు. కుర్రవాడు ఆగలేక బయటి ల్యాబ్‌లో ‘లైమ్ యాంటీబాడీ’ పరీక్ష చేయించుకుంటే నెగెటివ్ వచ్చింది. “నెగెటివ్ అంటే సూది పట్టనట్టేనా బిడ్డా?” అని మామ అడిగాడు. చంద్రపూర్‌లో కొన్నేళ్లు ల్యాబ్‌లో పనిచేసినవాణ్ణి గనుక ఔననో కాదనో చెప్పేస్తానని ఆయన అనుకున్నాడు. కానీ ఆ ప్రశ్నలో రెండు వేర్వేరు యాంటీబాడీలు, వాటిని కొలిచే రెండు వేర్వేరు పరీక్షలు కలగలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీయాలంటే ముందు పిడుదు దగ్గర మొదలుపెట్టాలి.

పిడుదు మనకు కొత్తది కాదు. మే నెలలో తునికాకు కోతకు అడవికి పోయి వచ్చినవాళ్లు సాయంత్రం గుమ్మంలో కూర్చుని పిక్కలు, చంకలు తడుముకుంటూ ఒక్కొక్కదాన్నే పీకి పారేస్తారు. మేకల చెవుల వెనక శనగగింజంత ఉబ్బి వేలాడేవి కూడా అవే; మరాఠీవాళ్లు వాటిని గోచీడ్ అంటారు. అయితే మన పశువులకు పట్టేవి ఎక్కువగా హయలొమ్మా, రిపిసెఫాలస్, హీమాఫైసాలిస్ జాతులవి. లైమ్ జబ్బును మోసేది ఇక్సోడిస్ అనే వేరే జాతి. భారతదేశంలో లైమ్ కేసులు చెదురుమదురుగానే నమోదయ్యాయి. గడ్చిరోలి జిల్లాలో జ్వరంతో వచ్చినవారికి ముందుగా చూడవలసింది మలేరియా, ఆ తరువాత స్క్రబ్ టైఫస్. అమెరికా ఈశాన్య రాష్ట్రాల సంగతి వేరు. ఈ జబ్బుకు పేరు వచ్చింది కనెక్టికట్‌లోని లైమ్ అనే ఊరి నుంచే. 1970ల నడుమ ఆ చుట్టుపక్కల పిల్లల్లో కీళ్లవాపులు గుంపుగా కనిపించడంతో అలెన్ స్టీర్ బృందం పరిశోధన మొదలుపెట్టింది. కారణమైన మెలికల బాక్టీరియాను విల్లీ బర్గ్‌డోర్ఫర్ పిడుదుల్లో కనిపెట్టి 1982లో ప్రకటించాడు. దానికి ఆయన పేరే పెట్టి బొరీలియా బర్గ్‌డోర్ఫెరి అన్నారు. అక్కడ మనుషులకు ఎక్కువగా జబ్బు అంటించేది ఎదిగిన పిడుదు కాదు, గసగసాల గింజంత ఉండే పిల్ల పిడుదు. అది కుట్టినట్టు కూడా తెలియదు.

ఇక యాంటీబాడీ అంకె సంగతి. వానకాలం ముందు చీమలు గుడ్లు మోసుకుంటూ గట్టెక్కితే వాన పడుతుందని పెద్దలు చెబుతారు. అది చాలాసార్లు నిజమే అవుతుంది గానీ వానను తెచ్చేది చీమలు కావు. కాళేశ్వరం ఘాటు దగ్గర గోదావరి గేజీ మీద కనిపించే మట్టం అలాంటిది కాదు. అక్కడ కొలుస్తున్నది వరద నీటినే. టీకా శాస్త్రంలోనూ ఈ రెండు రకాల సూచికలు ఉన్నాయి. రక్షణతోపాటు పెరుగుతూ తరుగుతూ ఉండే కొలత ఒకటి, రక్షణను స్వయంగా ఇచ్చే పదార్థపు కొలత మరొకటి. స్టాన్లీ ప్లాట్కిన్ వంటి టీకా శాస్త్రవేత్తలు ఈ తేడాను స్పష్టంగా పాటించాలని చాలాకాలంగా పట్టుబడుతున్నారు. సర్పి టీకా తరువాత రక్తంలో పెరిగే యాంటీబాడీ చాలావరకు చీమల బారు వంటిది, ఎందుకంటే అక్కడ కాపలా కాసేది ముఖ్యంగా టీ కణాలు అనే తెల్ల రక్తకణాలు. లైమ్ టీకాలో మాత్రం యాంటీబాడీ స్థాయి గేజీ మీది నీటిమట్టమే. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఆ టీకా పనిచేసే విచిత్రమైన పద్ధతి.

ఆకలితో ఉన్న పిడుదు పేగులో ఈ బాక్టీరియా ఓస్ప్-ఎ అనే ప్రొటీన్‌ను ఒంటినిండా కప్పుకుని ఉంటుంది. పేగు గోడను పట్టుకుని వేలాడటానికి దానికి అదే ఆధారం. పిడుదు మనిషి చర్మంలో మూతి దించి రక్తం పీల్చడం మొదలుపెట్టగానే లోపలికి వెచ్చని రక్తం వస్తుంది. ఆ మార్పును పసిగట్టిన బాక్టీరియా ఓస్ప్-ఎను విడిచేసి ఓస్ప్-సి అనే మరో ప్రొటీన్‌ను తొడుక్కుని, పేగును దాటి లాలాజల గ్రంథుల్లోకి చేరి, అక్కడి నుంచి చర్మంలోకి దిగుతుంది. ఈ ప్రయాణానికి సాధారణంగా ఒక రోజుకు మించి, చాలాసార్లు 36 నుంచి 48 గంటలు పడుతుంది. అందుకే పిడుదును తొందరగా పీకేస్తే జబ్బు తప్పిపోతుంది. టీకా ఈ వ్యవధిని వాడుకుంటుంది. టీకాలో ఉన్నది ఓస్ప్-ఎ ప్రొటీనే. దానికి ఎదురుగా మనిషి రక్తంలో తయారైన యాంటీబాడీ, పిడుదు పీల్చే రక్తంతోపాటు దాని కడుపులోకే వెళ్లి, బాక్టీరియా బట్ట మార్చుకోకముందే దాని మీద పడుతుంది. పోరు మన ఒంట్లో జరగదు, పిడుదు పేగులో జరుగుతుంది. 1990లో ఫిక్రిగ్, ఫ్లావెల్ బృందం ఓస్ప్-ఎతో ఎలుకలకు రక్షణ కల్పించి చూపించినప్పుడు ఈ దారి తెరుచుకుంది. నాకు తెలిసినంతలో మనిషికి ఇచ్చే టీకాల్లో శత్రువును దాని వాహనంలోనే చంపి, ఆ వేయించుకున్న మనిషినే కాపాడే పద్ధతికి ఇంతకన్నా చక్కని ఉదాహరణ లేదు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. టీకా వేయించుకున్న శరీరంలో యాంటీబాడీలతోపాటు శత్రువును గుర్తుపెట్టుకునే జ్ఞాపక కణాలు కూడా మిగులుతాయి. హెపటైటిస్-బి టీకా తరువాత ఏళ్లు గడిచి యాంటీబాడీ 10 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్ల గీతకు దిగువకు జారినా చాలామంది సురక్షితంగానే ఉంటారు, ఎందుకంటే ఆ వైరస్ ఒంట్లో పొదగడానికి నెలలు తీసుకుంటుంది గనుక ఆలోపు జ్ఞాపక కణాలు మేల్కొని కొత్త యాంటీబాడీలు తయారుచేస్తాయి. పిచ్చికుక్క కరిచాక టీకా వేసినా పనిచేయడానికి కారణం కూడా ఇటువంటిదే. రేబిస్ వైరస్ నరాల వెంబడి మెదడుకు చేరడానికి సాధారణంగా వారాలు పడుతుంది. లైమ్ విషయంలో ఆ వెసులుబాటు లేదు. జ్ఞాపక కణాలు పిడుదు కడుపులోకి వెళ్లి పనిచేయలేవు. బాక్టీరియా మన చర్మంలోకి దిగేనాటికి ఓస్ప్-ఎను చాలావరకు విడిచేసి ఉంటుంది గనుక వాటిని తట్టిలేపే గుర్తు కూడా అంతగా కనిపించదు. కాబట్టి పిడుదు మూతి దించిన ఆ గంటలో రక్తంలో యాంటీబాడీ ఎంత తిరుగుతూ ఉందో అదే రక్షణ. దీనికి దగ్గరి చుట్టం ధనుర్వాతం టీకా. ధనుర్వాతాన్ని తెచ్చే విషం మోతాదు ఎంత చిన్నదంటే, దాన్ని గుర్తుపట్టి శరీరం లేచేలోపే పని పూర్తవుతుంది; అందుకే గర్భిణులకు, గాయపడినవారికి టీటీ సూది, ఇప్పుడు టీడీ సూది, మళ్లీ వేస్తారు.

మరి ఎంత ఉంటే చాలు? దీనికి ఇంతవరకు దొరికిన జవాబు ఒక పాత టీకా నుంచి వచ్చింది. స్మిత్‌క్లైన్ బీచమ్ కంపెనీ తయారుచేసిన లైమ్‌రిక్స్‌కు 1998 డిసెంబరులో అమెరికాలో అనుమతి లభించింది. మొదటి సూది తరువాత నెలకు రెండోది, ఏడాదికి మూడోది. దాని మీద జరిగిన పెద్ద ట్రయల్‌లో 10,936 మంది పాల్గొన్నారు. రెండు సూదులు పడిన మొదటి ఏడాదిలో టీకా వర్గంలో 22 మందికి, ఉత్తుత్తి సూది (ప్లాసిబో) వర్గంలో 43 మందికి ఖాయంగా లైమ్ సోకింది. అంటే 49 శాతం రక్షణ. మూడో సూది తరువాతి ఏడాదిలో ఆ సంఖ్యలు 16, 66. అంటే 76 శాతం. ఆ ట్రయల్‌లోనే కొందరి రక్తం తీసి యాంటీబాడీ కొలిచారు. రెండో నెలలో గుణమధ్యమం (ఒక రకం సగటు) 1,227 ఎలీసా యూనిట్లు; ఎలీసా అంటే యాంటీబాడీని కొలిచే ల్యాబ్ పరీక్ష. మరో పది నెలలు గడిచి పన్నెండో నెల వచ్చేసరికి అది 116కు పడిపోయింది. రూపాయికి పది పైసలు కూడా మిగల్లేదు. మూడో సూది పడిన నెలకు అది ఒక్కసారిగా 6,006కు ఎగబాకి, ఇరవయ్యో నెలకు 1,991కి దిగింది. యాంటీబాడీ స్థాయిని, జబ్బు వచ్చినవారి లెక్కను పక్కపక్కన పెట్టి చూసినవారు 1,200 యూనిట్లకు పైన ఉంటే రక్షణ ఉన్నట్టేనని తేల్చారు.

ఈ అంకెలను కాసేపు కలిపి చదివితే చాలా సంగతులు బయటపడతాయి. గీత 1,200 దగ్గర ఉన్నప్పుడు గుణమధ్యమం 1,227 అంటే, స్థాయిలు దానికి అటూ ఇటూ దాదాపు సమంగా పరుచుకుంటాయి గనుక, సగానికి కాస్త అటూ ఇటూ మంది గీతకు దిగువనే ఉండి ఉంటారు. ఆ ఏడాది రక్షణ కూడా దాదాపు సగమే. చూడటానికి ఇది ముచ్చటగా ఉంటుంది గానీ, గీత గీసింది కూడా అదే ట్రయల్ ఆధారంగా అన్న సంగతి మరిచిపోకూడదు. పంట కొలిచిన కుంచంతోనే కుంచాన్ని సరిచూసినట్టు ఉంటుంది ఇది. మూడో సూదితో ఎగబాకిన స్థాయి ఆ తరువాత ఏడు నెలల్లోనే మూడో వంతుకు పడిపోయిందంటే, ఇంకో వసంతం వచ్చేసరికి చాలామంది గీత దగ్గరికో దిగువకో జారతారని ఊహించడానికి పెద్ద లెక్క అక్కర్లేదు. అమెరికాలో పిల్ల పిడుదులు మే నుంచి జూలై దాకా ఎక్కువగా తిరుగుతాయి; మన తునికాకు రోజులూ అవే. ఆ టీకా సూదులను పిడుదుల కాలానికి ముందు పూర్తయ్యేలా వేయమన్నది ఇందుకే. అంటే అక్టోబరులో కొలిచిన అంకె మే నెల గురించి నేరుగా ఏమీ చెప్పదు.

గీత అనే మాట మీద కూడా నాకు కొంత అనుమానం ఉంది. 1,199 ఉన్నవాడికి జబ్బు వస్తుందనీ, 1,201 ఉన్నవాడికి రాదనీ దానర్థం కాదు. నిజానికి అది మెల్లగా వంగే ఒక వక్రం. స్థాయి పెరిగేకొద్దీ ప్రమాదం తగ్గుతూ పోతుంది. ఫ్లూ టీకాల్లో వాడే 1:40 అనే కొలత కూడా సుమారు సగం మందికి రక్షణ ఉండే చోటును చూపేదే. 2022 జూలైలో గోదావరి, ప్రాణహిత పొంగినప్పుడు ఊరికంతటికీ ఒకటే ప్రమాద హెచ్చరిక వచ్చింది. అయినా నీళ్లు ముందు చేరింది పల్లపు ఇళ్లకు, మెరక మీది ఇళ్లు చూస్తూ ఉన్నాయి. వయసు, ఒంటి మీద పిడుదు ఎన్ని గంటలు ఉందో, ఆ పిడుదులో ఎంత బాక్టీరియా ఉందో, ఎన్నిసార్లు కుట్టించుకున్నారో, ఇవన్నీ మనిషి మనిషికీ మారతాయి. పైగా ఆ గీతకు ఆధారమైన జబ్బుపడినవారు టీకా వర్గంలో మొదటి ఏడాది 22 మంది, రెండో ఏడాది 16 మంది మాత్రమే. ఇంత కొద్దిమంది మీద నిలబెట్టిన గీత గుంపుకు పనికివస్తుంది గానీ ఒక మనిషికి సర్టిఫికెట్‌గా పనికిరాదు.

యూనిట్ల సంగతి ఇంకా గజిబిజి. ఎలీసా పరీక్షలో 96 గుంతలున్న ప్లాస్టిక్ ప్లేటు ఉంటుంది. గుంతల అడుగున ఓస్ప్-ఎ ప్రొటీన్ పూత పూసి, పలుచన చేసిన రక్తరసం వేస్తారు. అందులోని యాంటీబాడీ ఆ పూతకు అతుక్కుంటుంది, మిగిలింది కడిగేస్తారు. మనిషి యాంటీబాడీని పట్టుకునే ఎంజైమ్ తగిలించిన ఇంకో యాంటీబాడీని వేసి, చివరికి రంగు ద్రావణం పోస్తే గుంత నీలంగా మారుతుంది, ఆమ్లం చుక్క పడగానే పసుపుపచ్చగా మారి ఆగిపోతుంది. ఆ పసుపు ఎంత చిక్కగా ఉందో యంత్రం చదివి చెబుతుంది. కడగడంలో ఒక్కసారి తేడా వచ్చినా, వేసవిలో గది వేడెక్కినా ఆ పసుపు మారడం నేను కళ్లారా చూశాను. అందుకే ప్రతి ప్లేటులోనూ తెలిసిన నమూనాలు పక్కన పెట్టి చూస్తాం. ఇలా వచ్చిన ఎలీసా యూనిట్ ఆ ల్యాబ్‌కు, ఆ పరీక్షకు చెందిన సొంత కొలత. కాళేశ్వరంలో గోదావరిని మీటర్లలో చెబుతారు, భద్రాచలంలో అడుగుల్లో చెబుతారు, ఒక్కో గేజీ సున్నా ఒక్కో ఎత్తులో ఉంటుంది. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక అంటే ఆ అంకెను తెచ్చి సిరొంచ గేజీ మీద పెట్టలేం. రేబిస్‌కు 0.5 ఇంటర్నేషనల్ యూనిట్లు అని లోకమంతా ఒకే మాట అనగలగడానికి కారణం, దానికి అంతర్జాతీయ ప్రమాణ రక్తరసం ఉండటమే.

అతుక్కునే యాంటీబాడీ అంతా చంపే యాంటీబాడీ కాదు అన్నది మరో సంగతి. ఓస్ప్-ఎ ప్రొటీన్ మీద కొన్ని చోట్ల పట్టుకుంటేనే బాక్టీరియా చస్తుంది. అటువంటి ఒక కీలకమైన చోటును పట్టుకునే ఎల్ఏ-2 అనే యాంటీబాడీని ప్రమాణంగా పెట్టుకుని, టీకా వేసినవారి రక్తంలో దానికి సాటి వచ్చే యాంటీబాడీ ఎంత ఉందో కొలిచే పరీక్షలు అందుకే వచ్చాయి. అతుక్కునే మొత్తం యాంటీబాడీ (ఐజీజీ) అంకె ఎక్కువగా ఉండి ఈ అంకె తక్కువగా ఉండటం సాధ్యమే.

లైమ్‌రిక్స్ 2002 ఫిబ్రవరిలో మార్కెట్ నుంచి వెళ్లిపోయింది. అది కీళ్లవాపు తెస్తుందన్న భయం వ్యాపించింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పరిశీలనలో ఆ భయానికి ఆధారం తేలలేదు, అయినా అమ్మకాలు పడిపోయాయి, కంపెనీ ఉపసంహరించుకుంది. ఇరవై ఏళ్ల తరువాత, 2022లో, వాల్నేవా, ఫైజర్ కంపెనీలు వీఎల్ఏ15 అనే కొత్త టీకాతో మూడో దశ ట్రయల్ ప్రారంభించాయి. పాతదానిలో ఒకే రకం ఓస్ప్-ఎ ఉండేది, కొత్తదానిలో ఆరు రకాలున్నాయి. అమెరికాలో ఎక్కువగా మొదటి రకమే తిరుగుతుంది గానీ యూరప్‌లో బొరీలియా అఫ్జెలీ, గారినీ వంటి చుట్టాలు ఉన్నాయి, వాటి ఓస్ప్-ఎ వేరు. అందువల్ల కొత్త టీకా విషయంలో ‘యాంటీబాడీ ఎంత?’ అని అడగడం చాలదు, ‘ఏ రకానికి ఎంత?’ అని ఆరుసార్లు అడగాలి. వీఎల్ఏ15కూ మొదట మూడు సూదులు, ఏడాది తరువాత బూస్టర్ పెట్టారంటే, పడిపోయే స్థాయిని మళ్లీ లేపాలన్న పాత సమస్య కొత్త టీకాలోనూ ఉన్నట్టే.

యాంటీబాడీయే రక్షణ అయినప్పుడు వేలమందితో ట్రయల్ ఎందుకు, కొన్ని వందల మంది రక్తం తీసి కొలిస్తే సరిపోదా అని అడగవచ్చు. పాత గీత పాత టీకాది, పాత ఎలీసాది, ఒకే రకానిది. దాన్ని కొత్త టీకాకు అప్పు తెచ్చుకుంటే ఎవరూ నమ్మరు, ముఖ్యంగా ఒకసారి భయపడి టీకాను వదిలేసిన దేశంలో. అందుకే పిడుదులు తిరిగే అమెరికా, కెనడా, యూరప్ ప్రాంతాల్లో దాదాపు 9,400 మందితో, ఎవరికి జబ్బు వచ్చిందో నేరుగా లెక్కపెట్టే పద్ధతి ఎంచుకున్నారు. అలా జబ్బుల లెక్క తేలిన ట్రయల్‌లో నిలవచేసిన రక్తం నమూనాల నుంచే కొత్త టీకాకు తగిన సొంత వక్రాన్ని గీయడం సాధ్యమవుతుంది. ఆ తరువాత బూస్టర్ గడువు మార్చాలన్నా, వేరే వయసువారికి ఇవ్వాలన్నా, మళ్లీ వేలమందిని పిడుదుల అడవికి పంపకుండా యాంటీబాడీ కొలతతోనే వంతెన వేసుకోవచ్చు. ఈ సూచిక అసలు ఉపయోగం నా దృష్టిలో ఇదే, ఒక్కొక్కరి రిపోర్టు మీద అంకె వేసి ఇవ్వడం కాదు.

ఇప్పుడు మామ చూపించిన రిపోర్టు. మామూలు ల్యాబ్‌లో చేసే లైమ్ యాంటీబాడీ పరీక్ష జబ్బు సోకిందా లేదా అని చూసేది. జబ్బు సోకినవారి రక్తంలో బాక్టీరియా మన ఒంట్లోకి వచ్చాక తొడుక్కునే ప్రొటీన్లకు ఎదురుగా యాంటీబాడీలు పుడతాయి. సీ6 వంటి నేటి పరీక్షలు వెతికేది అటువంటివాటినే, ఓస్ప్-ఎను కాదు. బాక్టీరియాను మొత్తంగా నలగ్గొట్టి వాడే పాత ఎలీసాల్లో టీకా వేసుకున్నవారికి కూడా పాజిటివ్ వచ్చి గందరగోళమయ్యేది. ఈ యాంటీబాడీ ఉన్నంత మాత్రాన రక్షణ ఉన్నట్టూ కాదు: ఓస్ప్-సిలో ఇరవైకి పైగా రకాలున్నాయి, ఒకసారి లైమ్ వచ్చినవారికి వేరే రకంతో మళ్లీ రావడం అక్కడ సాధారణమే. మరోవైపు సిఫిలిస్ వంటి మెలికల బాక్టీరియా జబ్బులున్నవారికి, కొన్నిసార్లు మన వరిమడుల్లో సోకే లెప్టోస్పైరోసిస్ ఉన్నవారికి కూడా లైమ్ జబ్బు లేకుండానే పరీక్ష పాజిటివ్‌గా కనిపించవచ్చు. కాబట్టి ఇక్కడ ఎవరైనా సరదాకు హైదరాబాద్ ల్యాబ్‌లో లైమ్ ప్యానెల్ చేయించుకుని పాజిటివ్ వస్తే కంగారు పడనక్కర్లేదు.

మామకు చెప్పింది ఇంతే: నెగెటివ్ అంటే నీ కొడుక్కి ఆ ల్యాబ్ లైమ్ సోకిన ఆనవాలు చూడలేదని, సూది పట్టిందో లేదో ఆ పరీక్ష అసలు వెతకనే లేదు. పట్టిందో లేదో తెలిపే ఓస్ప్-ఎ అంకె ట్రయల్ వారి ఫ్రీజర్లలో ఉంటుంది, ముద్ర విప్పేదాకా బయటికి రాదు. “అయితే వానికేం చెప్పాలె?” అన్నాడు. బూస్టర్ తారీఖు తప్పించొద్దనీ, ఆఫీసు వెనక అడవిలో నడిచి వచ్చిన రోజు మోకాళ్ల వెనక, నడుము దగ్గర గసగసాల గింజలాంటిది అతుక్కుని ఉందేమో చూసుకోమనీ, ఉంటే కిరసనాయిలూ అగరొత్తీ కాకుండా చిమటాతో తల దగ్గర పట్టుకుని తిన్నగా లాగేయమనీ చెప్పమన్నాను. “మనోళ్లు చేసేదే కదా” అంటూ మామ మేకను కట్టేసిన వైపు వెళ్లాడు.